క్లాసు వదిలితేనే ప్రమోషనా? ఒక స్కూల్లో కెరీర్ నిచ్చెన వేసిన కథ

టీచర్లు మానేస్తున్నారని నన్ను పిలిచారు. ఒకే ఏడాదిలో 48 మందిలో 9 మంది వెళ్లిపోయారు, అందులో నలుగురు పదేళ్లకు పైగా అక్కడే పనిచేసినవాళ్లు. మేనేజ్‌మెంట్ దగ్గర కారణం రెడీగా ఉంది. "బయట జీతాలు ఎక్కువిస్తున్నారు సార్, మేమేం చేస్తాం" అన్నారు. సరే అని, మానేసినవాళ్లలో ఏడుగురితో ఫోన్లో మాట్లాడాను. జీతం మాట అందరూ ఎత్తారు, అందులో అబద్ధమేమీ లేదు. కానీ మాట్లాడుతూ పోతే పదో నిమిషంలోనో పావుగంటకో ఇంకో మాట బయటికొచ్చేది: "ఇంకో ఇరవై ఏళ్లున్నా ఇదే కదా సార్."

నేను పదకొండేళ్లు క్లాసులో పాఠం చెప్పి, తర్వాత హెచ్‌ఆర్ వైపు వచ్చినవాణ్ణి. ఉద్యోగాలను కొత్తగా అమర్చడం, అంటే ఎవరి పనిలో ఏముండాలి, ఎవరు ఏది నిర్ణయించాలి, ఎవరు ఎలా ఎదగాలి అనేది తేల్చడం ఇప్పుడు నా పని. స్కూలు పేరు, మనుషుల పేర్లు ఇక్కడ చెప్పను. సబ్జెక్టులతో పిలుస్తాను, స్టాఫ్ రూముల్లో ఎలాగూ అలాగే పిలుచుకుంటారు.

ముందు ఫిజిక్స్ సార్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసంతా ఆయనలో ఉంది. 14 ఏళ్లు పాఠం చెప్పాడు. పిల్లలు ఆయన క్లాసు కోసం ఎదురుచూసేవాళ్లట. అలాంటి మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని వైస్ ప్రిన్సిపల్ చేశారు, ఇవ్వడానికి స్కూల్లో ఇంకేమీ లేదు మరి. ఆ రోజు నుంచి ఆయన పని బస్సుల మీద ఫిర్యాదులు, టైమ్‌టేబుల్ గొడవలు, పేరెంట్స్ మీటింగులు. వారానికి నాలుగు పీరియడ్లు ఉంచారు, అవీ సగం రోజులు ఎవరో వచ్చి తలుపు దగ్గర నిలబడటంతో ఆగిపోయేవి. ఏడాదిన్నరకి మానేశాడు. వేరే స్కూల్లో చేరాడు, వైస్ ప్రిన్సిపల్‌గా కాదు, ఫిజిక్స్ టీచర్‌గా. ప్రమోషన్ వచ్చినప్పుడు ఇంట్లో పండగ చేసుకున్నారట, "వద్దనడానికి నోరు రాలేదు సార్" అన్నాడు నాతో.

పనిలో బాగా రాణించినవాణ్ణి పైకి పంపుతూ పోతే చివరికి తనకు చేతకాని చోట ఆగిపోతాడనే పీటర్ సూత్రం 1969 నాటిది, అందరికీ తెలిసిందే. ఆ లారెన్స్ పీటర్ స్వయంగా స్కూల్లో పాఠాలు చెప్పినవాడని మాత్రం చాలామందికి తెలియదు. నాకైతే అది తెలిశాక ఆ సూత్రం అర్థం కావడానికి వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది.

మొదటి రెండు వారాలు నేను ఏ ప్లానూ వేయలేదు. స్టాఫ్ రూములో కూర్చున్నాను. ఒక్కొక్కరినీ కిందటి వారం చేసిన పనంతా మూడు గడుల్లో రాయమన్నాను: నేను నిర్ణయించి చేసింది, చెప్తే చేసింది, చేశాక ఏమైందో నాకు తెలియనిది. అంతే, ప్రశ్నాపత్రాలూ సర్వేలూ ఏమీ లేవు. ఏడాది కిందట చేరిన ఇంగ్లిష్ టీచర్ కాగితం, 19 ఏళ్ల సర్వీసున్న మ్యాథ్స్ మేడమ్ కాగితం పక్కపక్కన పెడితే తేడా కనపడదు. నేను నిర్ణయించింది అన్న గడి ఇద్దరిదీ దాదాపు ఖాళీ. మేడమ్ కాగితంలో అదనంగా ఉన్నవి ఎగ్జామ్ ఇన్‌చార్జ్, యానివర్సరీ ఇన్‌చార్జ్, ఫ్లోర్ ఇన్‌చార్జ్, ఇలా ఇన్‌చార్జ్‌లు. పేరుకే ఇన్‌చార్జ్, ఏ ఒక్కదాంట్లోనూ తేల్చే అధికారం లేదు.

అమెరికాలో డాన్ లార్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లోనే ఈ విషయం రాశాడు. టీచర్ ఉద్యోగం చదునుగా ఉంటుంది, మొదటి రోజు చేసే పనే రిటైరయ్యే రోజూ చేస్తారు, స్కూలు గుడ్ల ట్రేలా ఉంటుంది, ఎవరి గుంతలో వాళ్లు. చదివినప్పుడు బాగుంది అనుకుని వదిలేశాను. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన చూసినప్పుడు మాత్రం కాస్త ఒళ్లు జలదరించింది, ఎందుకంటే నేను క్లాసు మానేసిన కారణం కూడా అదే, ఎవరికీ చెప్పుకోలేదు గానీ.

ఇంకొకటి కూడా దొరికింది. స్టాఫ్ రూము తలుపు పక్కన గోడ మీద సబ్‌స్టిట్యూషన్ చార్ట్ ఉంటుంది. పొద్దున్నే టైమ్‌టేబుల్ చూసే సార్ వచ్చి, ఆ రోజు సెలవు పెట్టినవాళ్ల పీరియడ్లు ఎవరి లీజర్‌లో, అంటే ఖాళీ పీరియడ్‌లో, పడతాయో రాసి పెడతాడు. అందరూ బ్యాగు దించకముందే వెళ్లి చూసేది అదే. పేరు లేనివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ఉన్నవాళ్లు ఏమీ అనకుండా కరెక్షన్ నోట్‌బుక్కుల కట్ట బ్యాగులోంచి తీసి పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే ఆ లీజర్‌లో దిద్దుదామనుకున్నవి ఇక రాత్రికే. నెల రోజుల రిజిస్టర్ ముందేసుకుని లెక్కపెట్టాను. మ్యాథ్స్ మేడమ్‌కి 13 సబ్‌స్టిట్యూషన్లు. అదే సబ్జెక్టులో కొత్తగా చేరిన సార్‌కి 2. ఎందుకలా అని టైమ్‌టేబుల్ సార్‌ని అడిగితే, దాపరికం లేకుండా చెప్పాడు: "మేడమ్ వెళ్తే ఏ క్లాసైనా కిక్కురుమనదు. ఆ కొత్తాయన్ని పంపితే మళ్లీ నేనే వెళ్లాలి." దున్నే ఎద్దునే పొడవడం అంటే ఇదే.

నేను చేసిన మొదటి తప్పు

ఇంత చూసి కూడా నేను వేసిన మొదటి నిచ్చెన ఘోరంగా ఉంది. నాలుగు మెట్లు: టీచర్, సీనియర్ టీచర్, మెంటర్ టీచర్, లీడ్ టీచర్. ఒక్కో మెట్టుకీ ఒక్కో అలవెన్సు. మెంటర్ అయితే ఇద్దరు కొత్త టీచర్లను చూసుకోవాలి, లీడ్ అయితే సబ్జెక్టు మొత్తానికి ప్రశ్నపత్రాల స్థాయి చూడాలి, ట్రైనింగులు ఇవ్వాలి. స్లైడ్లు అందంగా చేశాను, రంగులు కూడా మెట్టు మెట్టుకీ ముదురుతూ పోయేలా. చూపించాక హాలంతా నిశ్శబ్దం. మ్యాథ్స్ మేడమ్ చెయ్యెత్తి ఒక్కటే అడిగారు. "సార్, ఈ మెంటరింగ్ ఏ పీరియడ్‌లో చెయ్యాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఏదో సర్దుబాటు చేద్దాం అన్నట్టు గొణిగాను. ఆ మాట ఆవిడ 19 ఏళ్లలో ఎన్నిసార్లు విని ఉంటారో.

ఇక్కడ కొంచెం సిద్ధాంతం చెప్పాలి, లేకపోతే తర్వాత చేసింది ఎందుకు చేశామో అర్థం కాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1968లో రాసిన ఒక వ్యాసంలో పనిని పెంచడంలో రెండు రకాలుంటాయంటాడు. ఒకటి అడ్డంగా పెంచడం: చేస్తున్నదానికి అలాంటివే ఇంకో నాలుగు తగిలించడం. ఇంకోటి నిలువుగా పెంచడం: పైవాడి చేతిలో ఉన్న నిర్ణయం, బాధ్యత కిందికి దించడం. రెండోదాన్నే ఆయన జాబ్ ఎన్‌రిచ్‌మెంట్ అన్నాడు. ఆయన చెప్పిన ప్రయోగం ఒక పెద్ద కంపెనీలో వాటాదారులకు ఉత్తరాలు రాసే ఉద్యోగులది. అంతకు ముందు వాళ్లు రాసిన ప్రతి ఉత్తరాన్నీ సూపర్‌వైజర్ చూసేది, సంతకమూ సూపర్‌వైజర్‌దే. మార్చాక రాసినవాళ్ల సంతకంతోనే ఉత్తరం వెళ్లింది, అనుభవం ఉన్నవాళ్ల విషయంలో తనిఖీ 100 శాతం నుంచి 10 శాతానికి తగ్గింది, ఒక్కో విషయంలో ఒక్కొక్కరిని నిపుణులుగా పెట్టి, సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లేముందు వాళ్లనే అడగమన్నారు. మొదటి నెలల్లో పని నాణ్యత తగ్గింది కూడా. తర్వాత మిగతా గ్రూపుల్ని దాటేసింది.

నేను వేసిన నిచ్చెన ఆ లెక్కన పూర్తిగా అడ్డం బాపతు. నాలుగు మెట్ల పేర్లు పెట్టి నాలుగు కొత్త ఇన్‌చార్జ్ డ్యూటీలు తయారుచేశాను, దానికి నిచ్చెన అని పేరు.

పీరియడ్ల లెక్క

రెండోసారి స్లైడ్లు చేయలేదు. టైమ్‌టేబుల్ సార్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పీరియడ్లు లెక్కేశాం. వారానికి 40 పీరియడ్లు, టీచర్ చెప్పేది 32, లీజర్లు 8. మెంటర్‌కి 6 పీరియడ్లు, లీడ్‌కి 10 పీరియడ్లు తగ్గించాలి, అంతకంటే తక్కువైతే మాటలే. ఇంగ్లండ్‌లో 1998లో అడ్వాన్స్‌డ్ స్కిల్స్ టీచర్ అనే హోదా పెట్టినప్పుడు వాళ్లకు వారంలో ఒక రోజు, అంటే 20 శాతం సమయం, ఇతర స్కూళ్ల టీచర్లతో పనిచేయడానికని విడిగా ఉంచారు. 2013లో ఆ హోదా తీసేశారు, అది వేరే కథ, కానీ సమయం ముందు పక్కన పెట్టి తర్వాత పని చెప్పడం అనే వరస నాకు అక్కడే నచ్చింది.

ఐదుగురు మెంటర్లు, ఇద్దరు లీడ్‌లు. 30, 20 కలిపి 50 పీరియడ్లు. ఈ 50 ఎక్కడి నుంచి వస్తాయి? మేనేజ్‌మెంట్ ముందు ఆ అంకె పెట్టినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఇద్దరు కొత్త టీచర్లు కావాలి అన్నట్టే కదా. బేరాలాడి ఒక్కరికి ఒప్పుకున్నారు, అంటే 32. ఇంకో 18 కావాలి.

అప్పుడు కనిపించారు ఇద్దరు కోఆర్డినేటర్లు. ఇద్దరూ ఒకప్పుడు మంచి టీచర్లే, ఇప్పుడు ఒక్క పీరియడ్ కూడా చెప్పరు. రోజంతా లెసన్ ప్లాన్ల మీద సంతకాలు, ప్రశ్నపత్రాల తనిఖీ, నోట్‌బుక్కుల తనిఖీ. వారానికి 48 లెసన్ ప్లాన్ రిజిస్టర్లు. నిజంగా చదివి పెట్టే సంతకం ఎన్నింటి మీద ఉంటుందో వాళ్లే నవ్వుతూ చెప్పారు, ఇక్కడ రాయను. అనుభవం ఉన్న టీచర్లకు ఈ తనిఖీ తీసేద్దాం, కొత్తవాళ్లది మెంటర్ చూస్తారు, మీరిద్దరూ చెరి 9 పీరియడ్లు పాఠం చెప్పండి అన్నాను. 18.

లెక్క కాగితం మీద సరిపోయింది, కోఆర్డినేటర్లకు మాత్రం సరిపోలేదు. ఒకావిడ సంతోషంగా క్లాసుకి వెళ్లిపోయారు, ఇన్నేళ్లకి చాక్‌పీసు పట్టుకున్నా అని. రెండో ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన కోణంలో చూస్తే న్యాయమే, మిగతావాళ్ల పనిని ఎన్‌రిచ్ చేస్తూ ఆయన కుర్చీ కింద నుంచి లాగేశాం. ఎవరి అధికారం కిందికి దిగుతుందో వాళ్లకి బదులుగా ఏం ఇస్తున్నామో ముందే అనుకోవాలి. నేను అనుకోలేదు. నాలుగు నెలలకి ఆయనకి కొత్త టీచర్ల ఎంపిక, మొదటి నెల శిక్షణ మొత్తం అప్పగించాం, అప్పుడు కుదుటపడ్డాడు. ముందే ఇచ్చి ఉంటే రెండు నెలల టెన్షన్ తప్పేది.

ఏది చేతికిచ్చాం

సీనియర్ టీచర్ మెట్టు నుంచి మారినవి ఇవి. యూనిట్ టెస్ట్ పేపర్ తయారుచేసిన టీచర్ పేరుతోనే వెళ్తుంది, పైన ఇంకో సంతకం ఉండదు. నెలలో ఏ పాఠం ముందు, ఏది తర్వాత అన్నది టీచర్ ఇష్టం, టర్మ్ చివరికి పూర్తయితే చాలు. క్లాసు గురించి పేరెంట్ ఫిర్యాదు వస్తే ముందు టీచర్ దగ్గరికే వస్తుంది, ప్రిన్సిపల్ గదిలోకి పిలిపించి పేరెంట్ ముందే సంజాయిషీ అడగడం ఉండదు. ఈ చివరిది వినడానికి చిన్నదిగా ఉంటుంది. మొత్తం ప్రాజెక్టులో నాకు అందరికంటే ఎక్కువ థాంక్స్ వచ్చింది దీనికే.

రెండో నెలలోనే దెబ్బ తగిలింది. ఒక టెస్ట్ పేపర్లో ఇంకా చెప్పని పాఠం నుంచి 3 మార్కుల ప్రశ్న వచ్చింది. రాత్రి పదింటికి మేనేజ్‌మెంట్ నుంచి ఫోను, "చూశారా, అందుకే తనిఖీ ఉండేది, రేపటి నుంచి పాత పద్ధతే." హెర్జ్‌బర్గ్ చెప్పిన మొదటి నెలల తగ్గుదల గురించి ఫోన్లోనే ఒక ఐదు నిమిషాల క్లాసు పీకాను, ఆయన వినలేదు. అప్పుడు ఒకటే అడిగాను, కిందటేడాది తనిఖీ ఉన్నప్పుడు ఇలాంటివి ఎన్ని జరిగాయో రేపు రిజిస్టర్ తీయించండి అని. తీయించారు. నాలుగు. ఆ మూడు మార్కుల టీచర్ మర్నాడు తనే క్లాసులో నిలబడి, "తప్పు నాది, ఆ మార్కులు అందరికీ కలుపుతున్నా" అని చెప్పాడు. పాత పద్ధతిలో అయితే ఎవరి తప్పో తేలేసరికి టర్మ్ అయిపోయేది, టీచర్ పైవాళ్లు చూశారు కదా అంటాడు, పైవాళ్లు రాసింది టీచరే కదా అంటారు.

అన్నిటికంటే చవకగా అయిపోయి, అందరికీ నచ్చింది ఇంకొకటి. నేను రాయించిన మూడో గడి గుర్తుందా, చేశాక ఏమైందో తెలియనిది అని? ఆరో తరగతి లెక్కలు చెప్పిన మేడమ్‌కి ఆ పిల్లలు ఎనిమిదిలో ఎలా ఉన్నారో తెలియదు. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లలో పని మనిషికి అర్థవంతంగా ఉండాలంటే ఐదుండాలన్నారు: పలు రకాల నైపుణ్యాలు వాడటం, పనిని మొదలు నుంచి చివరిదాకా తానే చేయడం, అది ఎవరికో నిజంగా ఉపయోగపడటం, స్వేచ్ఛ, ఫలితం తెలియడం. ఈ ఐదోది స్కూళ్లలో విచిత్రంగా మాయమవుతుంది, రోజూ మార్కుల మధ్య బతుకుతూనే. టర్మ్‌కి ఒకసారి అరగంట, కింది క్లాసు టీచరు పై క్లాసు టీచరు కూర్చుని పిల్లల నోట్‌బుక్కులు చూడాలని పెట్టాం. మొదటి మీటింగులోనే ఎనిమిదో తరగతి సార్ ఒక నోట్‌బుక్ తెరిచి, "మేడమ్, మీ దగ్గరి నుంచి వచ్చిన పిల్లలంతా సమానం గుర్తుని 'తర్వాతి స్టెప్పు' అనే అర్థంలో వాడుతున్నారు, చూడండి" అన్నాడు. మేడమ్ ఆ పేజీ చాలాసేపు చూశారు. 19 ఏళ్లలో ఇది తనకి ఎవరూ చెప్పలేదన్నారు. ఆ ఏడాది ఆరో తరగతిలో సమానం గుర్తుతోనే మొదలుపెట్టారు.

ఎవరు ఎక్కాలి

మెట్లున్నచోట ఎంపిక ఉంటుంది, ఎంపిక ఉన్నచోట స్టాఫ్ రూము రెండు గుంపులవుతుంది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 1984లో మొదలుపెట్టిన టీచర్ల కెరీర్ లాడర్ మీద చాలా చర్చ జరిగింది. మూడు మెట్లు, మెట్టుకొద్దీ అదనపు డబ్బు, పై మెట్లవాళ్లకి ఏడాదిలో ఎక్కువ నెలల కాంట్రాక్టు. అది తప్పుడు పథకమేమీ కాదు. నిచ్చెన ఎక్కిన టీచర్ల క్లాసుల్లో పిల్లలు లెక్కల్లో కొంత ముందున్నారని తర్వాత అధ్యయనంలో తేలింది, చదవడంలో మాత్రం అంత స్పష్టంగా తేలలేదు. అయినా మదింపుల మీద, పేపర్ వర్క్ మీద టీచర్ల అసంతృప్తి పోలేదు, 1990లలో ఆ పథకంలో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు.

అందుకని ఫైళ్లు వద్దన్నాను. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకొచ్చే ఫైలు చూస్తే నాకు ఒళ్లుమంట. మెంటర్ పోస్టుకి అప్లై చేసిన 14 మందినీ ఒకటే చేయమన్నాం: ఒక కొత్త టీచర్ క్లాసులో వెనక కూర్చుని చూడండి, తర్వాత ఆ టీచర్‌తో ఇరవై నిమిషాలు మాట్లాడండి. మేం ముగ్గురం ఆ మాటలు వింటాం. స్కూల్లో అందరూ బెస్ట్ అనే సోషల్ సార్ ఇందులో పోయాడు. ఇరవై నిమిషాల్లో "నేనైతే ఇలా చేసేవాణ్ణి" అని పదకొండు సార్లు అన్నాడు, నేను గీతలు పెట్టుకున్నా. ఎదురుగా కూర్చున్న అమ్మాయి తల ఊపుతూనే ఉంది, ఒక్క మాటా రాసుకోలేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని డ్రాయింగ్ మేడమ్ మాత్రం, "ఆ మూడో బెంచీ అబ్బాయిని నువ్వు రెండుసార్లు చూసి వదిలేశావు, ఏమనుకున్నావు అప్పుడు?" అని అడిగి ఆగిపోయారు. ఆ అమ్మాయి పది నిమిషాలు మాట్లాడింది.

సోషల్ సార్‌కి చెప్పడం కష్టమైంది. పిల్లలకు చెప్పడం వేరు, పెద్దవాళ్లతో పని చేయించడం వేరు అని చెప్తే వింటాడా ఎవరైనా? రెండు మెట్ల స్వభావాన్ని విడదీయడం వల్ల కొంత బయటపడ్డాం. సీనియర్ టీచర్ అనేది హోదా. ప్రమాణం అందుకున్న ఎవరికైనా వస్తుంది, ఇంతమందికే అని లెక్క లేదు, జీతం పెరుగుతుంది, తన క్లాసు మీద పైన చెప్పిన అధికారాలన్నీ వస్తాయి. మెంటర్, లీడ్ అనేవి పోస్టులు. వేరే పని, కాబట్టి ఖాళీలుంటేనే, మూడేళ్లకోసారి మళ్లీ ఎంపిక. ఈ రెండింటినీ కలిపేసిన చోట, మంచి టీచరే గానీ ఖాళీ లేదు అనే మాట వస్తుంది, ఆ మాటతో నిచ్చెన మీద నమ్మకం పోతుంది. సోషల్ సార్ ఇప్పుడు సీనియర్ టీచర్. నాతో నమస్కారం దాకానే.

ఇంకో మేడమ్ ఉన్నారు, 22 ఏళ్ల సర్వీసు, లాంగ్వేజ్. ఏ పోస్టుకీ అప్లై చేయలేదు. అడిగితే, "నన్ను నా క్లాసుకి వదిలేయండి బాబూ, అదే నాకు చాలు" అన్నారు. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ నమూనాలోనే ఈ సంగతి ఉంది, పనిలో ఇంకా ఎదగాలనే ఆరాటం అందరికీ ఒకేలా ఉండదు, లేనివాళ్ల నెత్తిన ఎన్‌రిచ్‌మెంట్ రుద్దితే అది శిక్షే. ఆవిడకి సీనియర్ హోదా వచ్చింది. "అంత జీతం తీసుకుని అదే క్లాసు చెప్తారా?" అని మేనేజ్‌మెంట్ అడిగింది. అవును, అదే క్లాసు చెప్తారు, ఇంకా బాగా చెప్తారు, దానికే ఇస్తున్నాం. సింగపూర్‌లో 2001 నుంచి టీచర్లకు మూడు దారులు పెట్టారు. బోధనలోనే ఉండిపోయేవాళ్ల దారి, స్కూలు నడిపేవాళ్ల దారి, సిలబస్, పరిశోధన లాంటి వాటిలో నిపుణుల దారి. బోధన దారిలోనే సీనియర్ టీచర్, లీడ్ టీచర్, మాస్టర్ టీచర్ అంటూ పైదాకా పోవచ్చు, ప్రిన్సిపల్ కుర్చీ దారిలోకి మారకుండానే. ఆ కాగితం చూపించాక కాస్త మెత్తబడ్డారు.

క్లాసు బయట పనిచేసేవాళ్లు

నన్ను పిలిచింది టీచర్ల కోసమే, కానీ ల్యాబ్ అసిస్టెంట్ ఒకరోజు వచ్చి, "సార్, మాకేం లేదా?" అన్నాడు. తొమ్మిదేళ్లుగా పరికరాలు కడగడం, టేబుళ్ల మీద సర్దడం. ఏ ప్రయోగం ఏ పిల్లల చేతిలో ఎందుకు ఫెయిలవుతుందో టీచర్ల కంటే అతనికే బాగా తెలుసు, ఎవరూ అడగలేదంతే. అతనికి రెండిచ్చాం. ల్యాబ్ స్టాక్ జాబితా ఒక బడ్జెట్ లోపల అతనే తేలుస్తాడు. ప్రాక్టికల్ మొదటి పది నిమిషాలు, భద్రత, పరికరం పట్టుకోవడం, అతనే చెప్తాడు. టెక్నీషియన్ అని మెట్టు, దానికి తగ్గ జీతం. మొదటి రోజు చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చి, పిల్లల ముందు నిలబడి బర్నర్ వెలిగించడం చూపిస్తుంటే చెయ్యి వణికింది. రెండో వారానికి, "వెనక బెంచీ, కళ్లద్దాలు ఏవి?" అని గట్టిగానే అడుగుతున్నాడు.

ఆఫీసులో ఒక అడ్మిషన్ ఫైలు మూడు టేబుళ్లు తిరిగేది. అప్లికేషన్ ఒకరు, ఫీజు ఒకరు, సర్టిఫికెట్లు ఒకరు. ఏది అడిగినా "అది నా టేబుల్ కాదు" అనే. దాన్ని క్లాసుల వారీగా పంచాం, ఒక్కో క్లర్కుకి నాలుగు క్లాసులు, మొదలు నుంచి చివరిదాకా ఆ పిల్లల ఫైళ్లన్నీ తనవే. చెప్పడానికి ఇందులో ఇంకేం లేదు, పనిచేసింది.

క్లీనింగ్ స్టాఫ్ దగ్గర మాత్రం నాకు బుద్ధొచ్చింది. ఉత్సాహంలో వాళ్లకీ జోన్ ఇన్‌చార్జ్ అని పేరు, ఒక బ్యాడ్జీ తయారుచేయించాను. ఒకామె బ్యాడ్జీ అటూ ఇటూ తిప్పి చూసి, "జీతం పెరుగుద్దా సార్?" అంది. లేదన్నాను. "అయితే మీరే పెట్టుకోండి" అని నా చేతిలో పెట్టేసింది. జీతం, పని పరిస్థితులు ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు, లేకపోతే మాత్రం అసంతృప్తి గ్యారంటీ అని హెర్జ్‌బర్గ్ అన్నదాంట్లో మొదటి సగమే అందరూ చెప్పుకుంటారు, మేనేజ్‌మెంట్లకు అదే వీలు కూడా. రెండో సగం ఆ బ్యాడ్జీతో నాకు గుర్తుండిపోయింది. వాళ్ల విషయంలో చివరికి చేసింది రెండే: జీతం సవరణ, ఏ సామాను కొనాలో వాళ్లని అడిగి కొనడం.

నర్సుల దగ్గర ఇలాంటి నిచ్చెనలు బాగా వాడుకలో ఉన్నాయి. ప్యాట్రిషియా బెన్నర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1984లో నర్సు కొత్తగా చేరిన దశ నుంచి నిపుణురాలయ్యే దాకా ఐదు దశలు వివరించాక, చాలా ఆసుపత్రులు పేషెంట్ పక్కనే ఉంటూ పైకెక్కే మెట్లు పెట్టుకున్నాయి. వార్డు వదిలి ఆఫీసు గదిలోకి వెళ్తేనే ప్రమోషన్ అనే బాధ వాళ్లదీ మనదీ ఒకటే. కాబట్టి టీచర్లకే ప్రత్యేకం అని నేననుకోను.

రెండేళ్లయ్యాక

మానేసినవాళ్లు మొదటి ఏడాది 6, రెండో ఏడాది 4. 9 నుంచి 4 అని బోర్డు మీద రాసుకోవచ్చు, కానీ అదే సమయంలో జీతాలు కూడా సవరించారు, ప్రిన్సిపల్ మారారు. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం నా వల్ల కాదు, విడదీసి చెప్పేవాళ్లని నమ్మను కూడా. ఆ నలుగురిలో ఒకరు మా లీడ్ టీచరే, పెద్ద అవకాశం వచ్చి వెళ్లారు. మెట్టెక్కించి అందరికీ కనపడేలా నిలబెడితే బయటివాళ్లకూ కనపడతారు. మెంటర్లలో ఒకరు ఏడాది చేసి నావల్ల కాదని వెనక్కి వచ్చేశారు. పోస్టు కాబట్టి రావచ్చు, జీతంలో మెంటర్ అలవెన్సు పోయింది, హోదా పోలేదు. దాన్ని డిమోషన్ అని ఎవరూ అనకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది.

నచ్చనిది కూడా ఉంది. రెండో ఏడాది చివర ఒక టీచర్ పోస్టు భర్తీ చేయకుండా ఆపేశారు. ఆ పీరియడ్లు ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఎవరూ మెంటరింగ్ రద్దు అనలేదు, పేరు కూడా తీయలేదు, ఈ వారానికి సర్దుకోండి అన్నారు, అంతే.

ఆఖరిసారి వెళ్లినప్పుడు ఎవరినీ కలవకముందే స్టాఫ్ రూము తలుపు పక్కకి వెళ్లి చార్ట్ చూశాను. మెంటర్ల పేర్లు ఆ వారంలో మూడు చోట్ల ఉన్నాయి. రెండింటిని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన 'మెంటరింగ్ పీరియడ్, వేరేవాళ్లని వేయండి' అని రాసి ఉంది, రాత చూస్తే మ్యాథ్స్ మేడమ్‌ది. మూడోది గురువారం ఐదో పీరియడ్, మేడమ్ పేరే. అది కొట్టేసి లేదు. ఎందుకు వదిలేశారని అడిగితే నోట్‌బుక్కుల కట్ట సర్దుకుంటూ, "ఏడో తరగతి సార్, కొత్తాయనది. నేను వెనక కూర్చుంటా, చెప్పేది ఆయనే" అన్నారు.